ఏడు కొమ్ముల మేక

నిన్న సాయంత్రం పై ఫ్లాటు పాప జొన్నపిండి తెచ్చిచ్చింది. సంచి మూతి విప్పగానే, ఇంకా వేడి ఆరని ఆ పిండి వాసన నన్ను తెల్లాపూర్ పద్నాలుగో అంతస్తు నుంచి ఎత్తుకెళ్లి, లిఫ్టు సాయం లేకుండానే, బొల్లారంలోని లచ్చవ్వ గిర్ని ముందు దించేసింది.

లచ్చవ్వ మా పక్కింటావిడ. ఆవిడ పిండిగిర్ని మోతకు ఫ్యాక్టరీ సైరన్ సిగ్గుపడేదని, అటు జోగిపేటలో పసిపిల్లలు ఉలిక్కిపడేవాళ్లని నేను ఏ కోర్టులోనైనా ప్రమాణం చేస్తాను. ఆవిడ కనుబొమ్మలు దులిపితే రెండు రొట్టెలకు సరిపడా పిండి రాలేది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మ కన్ను వాచిన మర్నాడు జొన్నల డబ్బాతో వెళ్లాను. "మీ అమ్మ కంటికేమైంది బిడ్డా?" అని లచ్చవ్వ అడిగింది.

"మేక పొడిసింది."

"ఎన్ని కొమ్ముల మేక?"

"ఏడు."

ఆవిడ నవ్వలేదు, అబద్ధమని కసరలేదు. "అబ్బో, గంత పెద్దదా! ఎప్పుడొస్తది?"

ఏడు కొమ్ములు మొలిపించినదాన్ని, వేళ చెప్పడానికి వెనకాడతానా? "నీ గిర్ని నడిసేటప్పుడే అవ్వా. గప్పుడు అమ్మ ఒర్లినా ఎవ్వలకు ఇనవడది." అనేశాక డబ్బా ఎత్తుకుని వాకిలి వైపు చూశాను. మంచం కింద నుంచి నేను అన్నీ చూసేదాన్ని. పలక పగలగొట్టింది నేను కాబట్టే నాన్న అమ్మను కొడుతున్నాడని అనుకునేదాన్ని. "నేను జెప్పిన్నని నాయినకు తెలిస్తే?"

"నువ్వేం జెప్పినవ్? మేక ముచ్చటే గదా." నా గడ్డం పట్టుకుంది. "ఇను. మేక పొడిస్తే తప్పు మేకది. నీది గాదు, మీ అమ్మది గాదు."

మరునాడు సాయంత్రం నన్ను గిర్నిలోనే కూర్చోబెట్టింది. నాన్న డ్యూటీ దిగి ఇంట్లోకి వెళ్లిన కాసేపటికి, సగం పిండి రాళ్ల మధ్య ఉండగానే, స్విచ్ కిందికి లాగి గిర్ని ఆపేసింది. హైవే మీద లారీలు సైతం ఊపిరి బిగబట్టాయి. ఆ నిశ్శబ్దంలోకి అమ్మ అరుపు వచ్చి పడింది. వరసలో నిలబడ్డ ఆడవాళ్లందరూ డబ్బాలు చంకన పెట్టుకుని లచ్చవ్వ వెంట మా ఇంటికి నడిచారు.

"రాజయ్యా, తలుపు తియ్! గిర్ని ఆగింది. అందరం ఇన్నం."

తలుపు తీసిన నాన్న చెయ్యి ఇంకా పైనే ఉంది. లచ్చవ్వ అతని వంక చూడనే లేదు. "దా చెల్లె," అని అమ్మను తీసుకొచ్చింది. తర్వాత మేము గిర్ని వెనకున్న ఆవిడ గదిలోనే ఉన్నాం. ఏం చూశావని నన్ను ఏనాడూ గుచ్చి అడగలేదు. "ఇయ్యాల మేకకెన్ని కొమ్ములు?" అనేది, అంతే. ఎక్కడైనా తలుపు ధడేలుమంటే ఆ రోజు పదకొండు. ఎన్ని చెప్పినా సరే, "ఇగ జల్లెడ పట్టు," అని పని చెప్పేది.

నిన్న ఆ పాపను అడిగాను, వాళ్లమ్మ చేతికి ఆ కట్టు ఎందుకని. "లిఫ్టు కరిచింది ఆంటీ."

"ఎన్ని పళ్ల లిఫ్టు?"

"వంద."

ఈ లెక్క నాకు తెలుసు. "ఎప్పుడు కరుస్తది?"

"టీవీ పెద్దగా పెట్టినప్పుడు."

పాపను మా వంటింట్లో కూర్చోబెట్టి, జల్లెడ చేతికిచ్చి, కరిచే లిఫ్టుదే తప్పని చెప్పాను. పైన టీవీ హోరెత్తింది. ఎదురింటివాళ్లను, వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని మెట్లెక్కాను. వరండాలో వాళ్ల మీటరు పక్కనున్న స్విచ్ కిందికి లాగి, తలుపు కొట్టాను.

"తలుపు తియ్! టీవీ ఆగింది. అందరం ఇన్నం."