కాశీలో వదిలిన వంకాయ

కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైనదొకటి అక్కడ వదిలి రావాలంటారు. మా చుట్టాల్లో సగంమంది కాకరకాయ వదిలేసి పుణ్యం మూటగట్టుకున్నవాళ్ళే. మా అత్తగారు మాత్రం వెర్రిబాగుల మనిషి. నిజంగానే ప్రాణమైన వంకాయ వదిలేసి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ మాకు గుత్తివంకాయ కూర వండిపెట్టి, తను మజ్జిగన్నంతో సరిపెట్టుకునేది. ఆ కూర మూకుడు వైపు ఆవిడ చూసే చూపుకి నాకు ముద్ద దిగేది కాదు. దిగేది కాదంటూనే మారు వడ్డించుకునేదాన్ననుకోండి, అది వేరే సంగతి.

అవి తొంభైల చివరి రోజులు. నేను చోడవరంలో జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. పేపర్లలో జన్యుమార్పిడి పంటల గొడవ మొదలైంది. అలాంటివి తింటే ఏమవుతుందోనని టీకొట్ల దగ్గర కూడా అదే చర్చ. మా ప్రిన్సిపాల్ గారు ఊళ్ళోవాళ్ళ కోసం ఓ సభ పెట్టి, ఒక వ్యవసాయ శాస్త్రవేత్తను పిలిచి, ముందు నాలుగు ముక్కలు నన్ను చెప్పమన్నారు. సభంటే నాకు మహా భయం. అందుకని ముందురోజు సాయంత్రం వంటింట్లో అత్తగారి ఎదురుగా కూర్చుని అప్పజెప్పడం మొదలుపెట్టాను.

"ఉదాహరణకి వంకాయ తీసుకుందాం. పురుగు పట్టకుండా ఎక్కడో సూక్ష్మజీవిలో ఉన్న జన్యువు తెచ్చి ఇందులో పెట్టారనుకోండి..."

వంకాయే ఎందుకు తీసుకున్నానో నా ఖర్మ! బెండకాయ తీసుకుంటే ఏం పోయేది?

ఆవిడ చింతపండు పిసకడం ఆపేసింది. "అయితే అది వంకాయ కాదన్నమాట."

"వంకాయేనండీ. కొంచెం మారిన వంకాయ."

"మారిపోయినాక మరింక వంకాయేటి? కాశీలో నేను వదిలీసింది మామూలు వంకాయ. దీన్ని నేను వదల్నేదు కదా!"

నాకు నవ్వాగలేదు. ఊళ్ళో అందరి భయం అది మామూలు వంకాయ కాదేమోనని. ఈవిడ భయం మామూలు వంకాయేనేమోనని! పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పరీక్షిస్తారని చెప్పాను. పోషకాలు అవే ఉన్నాయా, కొత్తగా విషమేదైనా చేరిందా, తిన్నవాళ్ళకి ఒంటికి పడక దద్దుర్లూ అవీ వస్తాయా అని చూస్తారనీ, హాని చేసే తేడా ఏదీ లేదంటేనే తిననిస్తారనీ చెప్పాను.

"తేడా ఉంటేనో?"

"ఎవరూ తినకూడదంటారు."

"ఓలమ్మో! తేడా నేకపోతే నేను తినకూడదు, తేడా ఉంటే ఎవులూ తినకూడదు. బాగుంది పిల్లా నీ సదువు!"

మర్నాడు పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, నాకంటే ముందు రిక్షా ఎక్కి కూర్చుంది. నేను నా నాలుగు ముక్కలూ గబగబా చెప్పేశాను. శాస్త్రవేత్తగారు ఓపిగ్గా అన్నీ వివరించి, ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగారు. మొదటి వరసలోంచి మా అత్తగారు లేచింది.

"బాబూ, మా కోడలు సెప్పిన ఆ మారిన వంకాయ, నీ పరీక్షలన్నీ అయిపోయినాక వంకాయేనా, వేరే కాయా? వేరేదైతే సెప్పు, ముందు నేనే తిని సూపిస్తాను. ఈ వయసులో నాకేటైపోతాది?"

హాలంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. పాపం, కాశీ సంగతి ఆయనకేం తెలుసు? పెద్దావిడ భయపడుతోందనుకుని, "పరీక్షలన్నీ నెగ్గితే అచ్చంగా వంకాయేనమ్మా. మీరేం బెంగపెట్టుకోకండి" అన్నారు. అందరూ హాయిగా చప్పట్లు కొట్టారు. ఆవిడ నెమ్మదిగా కూర్చుంది. హాల్లో చప్పట్లు కొట్టనిది ఆవిడొక్కతే.

తిరిగొచ్చేటప్పుడు బజార్లో రిక్షా ఆపించి, వడ్డాది నుంచి వచ్చిన లేత వంకాయలు తనే ఏరి ఏరి కొంది.

"ఇంకొకళ్ళని అడిగి చూద్దాం అత్తయ్యా. ఆయన ఒక్కడే శాస్త్రవేత్తా ఏమిటి?" అన్నాను.

"ఒద్దులే. ఆ రుచి ఉంటే అది నేను వదిలీసిన వంకాయే. ఆ రుచి నేకపోతే నాకెందుకది?"

నేను వంకాయల సంచి అందుకున్నాను.

ఇంటికొచ్చి కూర వండి, నాకు వడ్డించి, మజ్జిగన్నం గిన్నెతో నా ఎదురుగా కూర్చుంది.

"ఎలాగున్నాది?"

"బాగుందత్తయ్యా."

"బాగుందంటే ఏటి? సభలో అంతసేపు వంకాయ గురించి సెప్పేవు కదా. సరిగ్గా సెప్పు."

చెప్పాను. తోలు మెత్తగా మగ్గిందనీ, కారం గింజల్లోకంటా దిగిందనీ, నువ్వులు కమ్మగా తగులుతున్నాయనీ చెప్పాను.

"తొడిమి దగ్గరో?"

తొడిమ పట్టుకుని చీకాను. "కొంచెం చిరుచేదు. దాని వెనకాలే తియ్యగా వస్తోంది."

ఆవిడ కళ్ళు మూసుకుని మజ్జిగన్నం ఓ ముద్ద నోట్లో పెట్టుకుంది.

"అదేనే," అంది. "అదే."