ఎక్కడో అని రాయమన్నాడు

ఒక మాటలోంచి ఒక్క ఓత్వం కొట్టేశాను. నేను చేసింది అంతే. దాని బరువు నలభై ఏళ్లకు పైగా నాతోనే ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పుకోవడం కొంత సులువు.

అప్పుడు నేను నందిగామలో ఒక దినపత్రికకు విలేకరిని. మాకు పేరు వేసేవారు కాదు. వార్త పైన 'మా విలేకరి' అని ఉండేది. ఆ రెండు మాటల వెనక మనిషి ఎంత సుఖంగా దాక్కోవచ్చో అప్పటికి నాకు తెలియదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో ఒక వేసవి. జగ్గయ్యపేట అవతల గుట్టల్లో ఉన్న రిజర్వు అడవి చూడాలనిపించింది. అడవి అంటే పచ్చని చెట్లు ఊహించుకోకండి. కృష్ణ పారే జిల్లాలో అంత ఎడారి ఉందంటే నేనే నమ్మలేదు. తెల్లటి సున్నపురాయి, పలకలు పలకలుగా పగిలిన నేల, రేగుకంప, జెముడు, మోకాలెత్తు బలుసు పొదలు. గరికపాడులో బస్సు దిగి మూడు గంటలు నడిచాం. దారిలో ఒక్క మనిషి ఎదురు కాలేదు.

నాకు దారి చూపినవాడు జకరయ్య, ఆ అడవికి వాచరు. చదువు రాదు. సంతకం బదులు వేలిముద్ర. ఆ మండే రాళ్ల మీద చెప్పుల్లేకుండా నడిచేవాడు. బూట్లు వేసుకున్న నేను వెనకబడితే నిలబడి, "మెల్లగా రండి అయ్యగారూ, గుట్ట ఎక్కడికీ పోదు" అనేవాడు.

ఆ రోజంత హాయిగా గడిచిన రోజులు నా జీవితంలో చాలా తక్కువ. తప్పు సంగతి పక్కన పెడితే. పక్కన పెట్టగలనా? చిత్రమేమిటంటే, పెట్టగలుగుతున్నాను.

రెండు గుట్టల నడుమ ఒక గండి. దూరం నుంచి చూస్తే అక్కడేమీ కనబడదు. ఒక పెద్ద బండ చుట్టూ తిరిగి వెళితే గంగాళమంత చెలమ. ఇసుకలోంచి చల్లగా నీరు ఊరుతోంది. మేము పైన ఎత్తు మీద బోర్లా పడుకుని చూశాం. జింకలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, తొందర పడకుండా తాగాయి, వెళ్లిపోయాయి. వాటి తర్వాత మేమూ తాగాం. జకరయ్య జొన్నన్నం, పండుమిరప పచ్చడి మూట విప్పాడు.

ఆ చోటు అప్పటిదాకా తెలిసింది ఇద్దరికే. జకరయ్యకీ, గొర్రెలు కాసే గోపయ్యకీ. కులాలు వేరైనా వాళ్లిద్దరూ బావా అంటే బావా అని పిలుచుకునేవారు. జింకలు తాగి వెళ్లాకే గోపయ్య తన మందను అటు తోలేవాడు. అది వాళ్ల మధ్య ఒప్పందం.

నేను నోటుబుక్కు తీయడం చూసి జకరయ్య తినడం ఆపాడు.

"రాస్తారా అండి?"

"రాస్తాను. చదివినవాళ్లు సంతోషిస్తారు."

"రాయండి. మా గోపయ్య బావ గురించి కూడా రాయండి. పేపర్లో తన పేరు విని ఎవరీ గోపయ్య అని ఆడే అడగాలి." నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "చోటు మాత్రం చెప్పకండి అయ్యగారూ. ఎక్కడో అని రాయండి. తుపాకులోళ్లు కూడా పేపరు చదువుతారంట."

"మాటిస్తున్నాను" అన్నాను.

నిజంగానే ఇచ్చాను. అది మీరు నమ్మాలి. తిరుగు దారిలో మందతో ఎదురైన గోపయ్యకు కూడా అదే చెప్పాను.

ఇంటికొచ్చి, 'గుట్టల్లో ఎక్కడో ఒక చెలమ ఉంది' అని రాశాను. చూసుకున్నాను. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి మాకు మొదటి పాఠం. 'ఎక్కడో' అని రాసి పంపితే, ఎక్కడయ్యా అంటూ పత్రికాఫీసు నుంచి ఎర్రసిరాతో తిరిగొచ్చేది. డకారం మీది ఓత్వం కొట్టేశాను. అది పోయాక ఎక్కడో చెప్పక తప్పదు కదా. గండి, బండ, గరికపాడు నుంచి ఎంత నడక, ఎటు మలుపు, అన్నీ రాశాను. చక్కగా రాశాను. అలవాటు చేయించిన పనా? ఎవరికీ తెలియనిది నాకు తెలుసునన్న గొప్పా? పేరు కూడా పడని రాతకు గొప్పేమిటి? ఇప్పటికీ తేల్చుకోలేదు.

నెల తిరక్కుండా జీపులో వేటగాళ్లు వచ్చారు. ఎవరినీ దారి అడగలేదట. తిన్నగా చెలమ దగ్గరికే వెళ్లి నాలుగు జింకల్ని కొట్టుకుపోయారు.

జకరయ్య నన్ను వెతుక్కుంటూ నందిగామ వచ్చాడు. గుమ్మంలో అతన్ని చూడగానే అంతా తెలిసిపోయిందనుకున్నాను. కానీ అతను నిలదీయడానికి రాలేదు. గోడు చెప్పుకోవడానికి వచ్చాడు.

"ముగ్గురికే తెలుసండి. మీరు మాటిచ్చారు, చదువుకున్నోరు. ఇంకెవరు చెప్తారండి? బావే. కాదంటున్నాడు గానీ, మొహం చూస్తే తెలవదా?"

"ఒకసారి నెమ్మదిగా మాట్లాడి చూడు జకరయ్యా" అన్నాను. అంతకన్నా పిరికి మాట నేను ఎప్పుడూ అనలేదు.

"ఆడితో నాకింక మాటల్లేవండి."

ఆ వార్త ఉన్న పత్రిక మా ఇద్దరి మధ్య బల్ల మీదే పడి ఉంది. అతనికి చదవడం రాదు. దాన్ని తిరగేసి పెట్టాల్సిన అవసరం కూడా నాకు లేకపోయింది.

జకరయ్య ఆ చెలమను రాళ్లతో పూడ్చేశాడు. గోపయ్య మంద నీళ్లకోసం పాలేరు వాగు దాకా నడవాల్సి వచ్చింది.

కొన్నేళ్లకు జగ్గయ్యపేట సంతలో గోపయ్యే నన్ను గుర్తుపట్టి పలకరించాడు. "మా బావ కనపడతాడా అండి?" అన్నాడు. అప్పుడప్పుడూ అన్నాను. "నేనడిగానని చెప్పండి" అన్నాడు. చెబుతానన్నాను. చెప్పలేదు. చెబితే మాటలు మొదలవుతాయి. మొదలైతే నా దాకా వస్తాయి. మొదటి తప్పుకు అలవాటును అడ్డం పెట్టుకోవచ్చునేమో. దీనికి ఏం పెట్టుకోను?

ఆ తర్వాత నా బతుకు సాఫీగానే సాగింది. అది దాచను. వేళకు ఆకలి వేసింది, నిద్ర పట్టింది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. సాయంత్రాలు వరండాలో కూర్చుంటే సంతోషంగానే ఉంటుంది. జకరయ్యా గోపయ్యా ఇద్దరూ పోయారు. పోయేదాకా మాట్లాడుకోలేదని విన్నాను. వాళ్లకు చెప్పాల్సినది మీకు చెబుతున్నాను. ఇది వాళ్లకు చేరదు. మీరు క్షమించినా చెల్లదు.

గోపయ్య ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నేను.

ఇంత చిన్నదా ఈ మాట? రాసేసరికి ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది.