తాగినట్టు రాసిన నీళ్లు

నీళ్లు తాగించడం కూడా వైద్యమేనని నాకు నాంపల్లి ఆసుపత్రిలో, అమ్మ మంచం పక్కన తెలిసింది.

అమ్మ తలలో గడ్డ తీసేశారు. గండం గడిచిందనుకున్నాం. కానీ గడ్డ తీసిన చోట చేరిన నెత్తురు వల్ల మెదడులోని రక్తనాళాలు ముడుచుకుపోవచ్చని, రెండు వారాలు జాగ్రత్తగా ఉండాలని డాక్టరు చెప్పాడు. నాలుగు గంటలకో మాత్ర, రోజుకు మూడు లీటర్ల నీళ్లు. తాగిన ప్రతి గ్లాసూ రాయమని నర్సు ఒక కాగితం ఇచ్చింది. ఆబిడ్స్‌లో టీచర్ని కదా, పిల్లల హాజరు వేసినంత శ్రద్ధగా రాశాను.

ఏడో రోజు శుక్రవారం. అడిగినప్పుడల్లా అమ్మ "తాగిన బిడ్డా" అనేది. పక్కన కూర్చున్న చిన్నమ్మ "ఔ, తాగింది" అనేది. నేను మందుల కోసం కిందికి, రిపోర్టుల కోసం పైకి తిరుగుతూ వాళ్ల మాట మీద రాసుకుంటూ పోయాను. మధ్యాహ్నం మూడింటికి అమ్మ కుడి చెయ్యి దుప్పటి పట్టుకోలేకపోయింది. మాట ముద్దగా వచ్చింది.

స్కాన్ చూసిన డాక్టరు నాళం సన్నబడిందన్నాడు. తర్వాత నా కాగితం చూసి, "నీళ్లు బాగానే తాగుతున్నారే" అన్నాడు.

అప్పుడు చిన్నమ్మ నన్ను పక్కకు లాగింది. "అక్క ఇయ్యాల ఉపాసమున్నది. గడ్డ మంచిగ తీస్తే శుక్రవారం నీళ్లు గూడ ముట్టనని దేవునికి మాటిచ్చిందంట. గోలీకి ఒక గుక్క తాగింది, అంతే. గ్లాసులు నేనే సింకుల పోసిన."

ఒళ్లు మండిపోయింది. ఆబిడ్స్ చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఏనాడూ తప్పని మనిషి అమ్మ, నాకు తట్టొద్దా?

"దేవుడు చెప్పిండా చిన్నమ్మా, నీళ్లు సింకుల పొయ్యమని?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె మీదకన్నా నా రాత మీద ఎక్కువ అసహ్యం వేసింది. డాక్టరు దగ్గరికి వెళ్లి, "ఆ కాగితం అబద్ధం సార్. నేను చూడకుంట రాసిన" అన్నాను.

సెలైన్ పెంచారు. బీపీ పెంచే మందు ఎక్కించారు. అయినా చెయ్యి లేవలేదు. తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం మెదడు దాకా పంపి, ముడుచుకున్న నాళంలోనే మందు వదిలారు. అంతసేపూ నేను బయట బెంచీ మీద, అమ్మ బతికుండగానే ఈ ఏడుపు ఎందుకని నన్ను నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను.

మూడోనాటికి వేళ్లు కదిలాయి, మాట తిరిగింది. గ్లాసు అందించి, గుటక పడేదాకా అమ్మ గొంతునే చూశాను. ఆమెకు అర్థమైంది. ఖాళీ గ్లాసు బోర్లించి చూపించింది.

"తాగిన. ఇగ రాస్కో."