వేళ్లకు టేపు చుట్టుకున్న మూతలాయన

డబ్బాల ఫ్యాక్టరీలో మూతలు రూపొందించే ఇంజినీరును అందరూ మూతలాయన అంటారు. ఎవరింటికి వెళ్లినా మనుషుల మొహాలు చూడడు, డబ్బా మూత తిప్పే చేతులే చూస్తాడు. వాళ్లు పళ్లు బిగిస్తే తనూ బిగిస్తాడు. "నీ పంచదార డబ్బా మూత ఊడొచ్చేలోపు కాఫీ చల్లారిపోతోంది అల్లుడూ!" అని కీళ్లు పట్టేసిన అత్తగారు దెప్పిపొడిచినప్పటి నుంచీ ఆ మహానుభావుడికి నిద్ర కరువైంది. చివరికి చాట చెవుల్లాంటి రెక్కలతో కొత్త మూత చేశాడు. ఇవాళ మేనేజరు ఊఁ అంటే ఫ్యాక్టరీలో దానికి అచ్చు పోస్తారు, ఊహూఁ అంటే చెత్తబుట్టలోకే.

అత్తగారి చేతుల బాధ తెలియాలి గదా! రెండు చేతులకూ వేళ్లన్నీ కలిపి టేపు చుట్టేసుకుని, అరచేత్తో రెక్కను తోశాడు. మూత వెన్నలా జారి వచ్చేసింది. ఇంకేముంది, పంచదార డబ్బా చంకనెత్తుకుని, టేపు చుట్ట ముంజేతికి గాజులా ఊగుతుండగా మేనేజరు గదికి పరుగెత్తాడు. తలుపుకేమో గుండ్రటి పిడి! తిప్పలేక నుదుటితో బాదాడు.

"లోపలికి రావయ్యా!"

"రాలేను సార్, నాకు చేతుల్లేవు!"

మేనేజరు హడలిపోయి తలుపు తీశాడు. సంగతి విని, "ఏదీ, నేనూ చూస్తాను" అంటూ తన రెండు చేతుల వేళ్లకూ టేపు చుట్టుకుని రెక్కను తోశాడు. మూత ఎగిరింది, బల్లంతా పంచదార! "అచ్చు పోయించెయ్!" అని అరిచాడు. వెనకాల గది తలుపు దానంతటదే మూసుకుంది. నాలుగు చేతులూ పిడి మీద జారిపోయాయి.

"ఇప్పుడు బయటికెలా పోతామయ్యా?"

మూతలాయన కొత్త పెళ్లికొడుకులా ఆ పిడినే చూస్తూ మురిసిపోయాడు. "తరవాత ఏం తయారుచెయ్యాలో దొరికింది సార్!"