మిసెస్ థ్రప్

టోపీల కోసం గోధుమ గడ్డిని నోట్లో తడిపి జడలు అల్లడం కెజియా పని. అల్లీ అల్లీ ఆమె పెదవి మూల కోసుకుపోయింది. ఆ బెడ్‌ఫర్డ్ పల్లెలో అందరికీ ఆమె మిసెస్ థ్రప్. పొలాల చుట్టూ కంచె కొమ్మలు నరికే ఏమోస్ థ్రప్‌తో ఇరవై ఏళ్ళ కాపురం, వేలికి ఇత్తడి ఉంగరం. పెళ్ళి మాత్రం జరగలేదు. మొదట్లో చేతిలో కాసు లేదు, తర్వాత నలుగురూ నవ్వుతారని సిగ్గు. ఆ గుట్టు వాళ్ళిద్దరికే తెలుసు.

దొరగారి అడవి కాపలావాణ్ణి ఎవరో నరికేశారు. పక్కన ఏమోస్ కత్తి దొరికింది. నిజానికి ఆ రాత్రంతా ఏమోస్ పంటిపోటుతో, నోట్లో లవంగంతో, కెజియా ఒడిలో తల పెట్టుకుని మూలుగుతూనే ఉన్నాడు.

ఆ రోజుల్లో ముద్దాయి నోరు విప్పకూడదు. భార్య సాక్ష్యమూ చెల్లదు.

"నువ్వితని భార్యవేనా?" అని సాక్ష్యం చెప్పడానికి వచ్చిన కెజియాను జడ్జి అడిగాడు.

కాదంటే చాలు, బైబిల్ చేతికిచ్చి సాక్ష్యం చెప్పనిస్తారు. బోనులోంచి ఏమోస్ ఆమెనే చూస్తున్నాడు. ఎదుటి బల్ల మీద పాస్టర్ గారి భార్య కూర్చుంది. కెజియా కూతురు లెటిస్ పనిచేసేది ఆవిడ ఇంట్లోనే. పెళ్ళి కాకుండా పుట్టిన పిల్లని ఆవిడ ఒక్క పూట కూడా ఉంచుకోదు.

"అవునండి," అంది కెజియా.

"అయితే దిగి వెళ్ళమ్మా."

ఏమోస్‌కు ఉరిశిక్ష వేశారు. తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చి రాళ్ళు కొట్టడానికి పంపారు. తీర్పు తర్వాతి సోమవారమే పాస్టర్ భార్య లెటిస్ పెట్టెను వీధిలో పడేయించింది.

"హంతకుడి కూతురు నా పిల్లల పాలగిన్నె ముట్టుకోవడమా?"

ఏళ్ళు గడిచాక ఇంకొకడు చావబోతూ నేరం ఒప్పుకున్నాడు. రాణిగారు దయతలచి, ఏమోస్ చేయని హత్యకు ఏమోస్‌ను క్షమించారు. ఇంత సిగ్గులేని దయ నేనెక్కడా చూడలేదు. పళ్ళన్నీ ఊడి, రాతిధూళి దగ్గుతూ అతను ఇల్లు చేరాడు. కెజియా పంది మాంసం పెట్టి మెత్తగా పిండిముద్ద ఉడికించింది.

"బాగుందండి, మిసెస్ థ్రప్."

ఇదివరకు అతనికి ఆమె ఎప్పుడూ కెజ్జీయే. ఆమె గరిటె కింద పెట్టింది.

"తిట్టు ఏమోస్. పోనీ, కొట్టు."

"ఎందుకండీ? జడ్జిగారి ముందే ఒప్పుకున్నారుగా, నా భార్యేనని."

నాలుగు శీతాకాలాలు అదే మర్యాద, అదే పిలుపు. చివరికి అతను మంచాన పడి ఊపిరి అందనప్పుడు ఆమె అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

"ఒక్కసారి కెజ్జీ అను."

అతను కళ్ళు తెరిచి చూశాడు.

"దిండు పెట్టండి, మిసెస్ థ్రప్. మీకు కాళ్ళు నొప్పెడతాయి."