భాస్కరం గారు చేసిన గడియారం

చింతపండుతో ఇత్తడి తోమిన వాసన తగిలితే నా చేతిలో పని ఆగిపోతుంది. ఈ పొద్దున కుందులు తోముతుంటే మళ్ళీ అదే అయింది. ఫిల్మ్ నగర్‌లో భాస్కరం గారి వరండా, ఆయన ఒళ్ళో తెల్ల తువ్వాలు, దాని మీద రూపాయి బిళ్ళంత ఇత్తడి డబ్బీ కళ్ళ ముందుకొచ్చాయి. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. నేను చూశాను, అదే నా గొప్ప.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం అందరూ హైదరాబాదుకు పరుగెత్తుకొస్తున్న రోజులవి. నేనూ మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరి, భాస్కరం గారి పైగదిలో కిరాయికి దిగాను. ఆయనది తెనాలి వైపు. సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంటు. థర్మాకోల్ కోటలు, చెక్క తుపాకులు, నీళ్ళు రాని కుళాయిలు చేసి చేసి, కంప్యూటర్ గ్రాఫిక్స్ వచ్చాక పిలిచేవాళ్ళు లేక ఇంట్లో కూర్చున్నారు. ఎప్పుడో ఒక నిర్మాత చేతికి చూసిన విదేశీ గడియారం ఆయన మనసులో ఉండిపోయింది. బంగారు రంగు, చొక్కా కఫ్ కిందికి జారిపోయేంత పల్చన. అచ్చం అలాంటిది తన చేత్తో చేయాలని పట్టుబట్టారు.

"గసుంటి నకళ్ళు షాపులల్ల దొరుకుతయ్ గద అంకుల్?" అన్నాను.

"వాటి మీద ఆ కంపెనీ పేరు దొంగతనంగా వేస్తారమ్మాయ్. నేను వేయను. ముప్పయ్యేళ్ళు నడవని వస్తువులే చేశాను. ఇదొక్కటి నడవాలి," అన్నారు.

ఆదివారాలన్నీ దానికే పోయాయి. పాత కీ గడియారంలోంచి మిషను తీశారు. ఇత్తడి డబ్బీని ఆకురాయితో రాసి, చింతపండుతో తోమి, బంగారు పూత పెట్టించారు. డయల్‌కు రంగు వేయడం, నచ్చక గీకేయడం, మళ్ళీ వేయడం! చూపు ఆనక, సెకన్ల ముల్లు బిగించే పని నాకప్పగించారు.

"ఊపిరి బిగపట్టకు, చెయ్యి వణుకుతుంది. మామూలుగా పీల్చు."

ముల్లు కదిలింది. ఆయన గబగబా లోపలికెళ్ళి భార్య రాజ్యం గారి చెవి దగ్గర పెట్టారు. "కొట్టుకుంటోందండీ!" అని ఆవిడ అరిచారు. ఆ పూట జూబ్లీహిల్స్ మొత్తంలో నాకన్నా గొప్పది లేదనుకున్నాను.

ఆ సంగతి ఎలా పాకిందో, ఒక పెద్ద సినిమా ప్రొడక్షన్ మేనేజరు ఇంటికొచ్చాడు. హీరో చేతికి ఆ గడియారం కావాలి, పిక్చర్ మొత్తానికి ఆర్ట్ పని ఆయనదే అన్నాడు. అన్నేళ్ళ తర్వాత వచ్చిన పిలుపు! రాజ్యం గారు దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. స్టూడియోకు నేనూ వెంట వెళ్ళాను. రెండు షాట్లు అయ్యాక డైరెక్టరు తల పట్టుకున్నాడు. ఒక షాట్‌లో ముల్లు ఒకచోట, తర్వాతి షాట్‌లో ఇంకోచోట.

"లోపల మిషను తీసేయండి గురువుగారూ, ఉత్త డబ్బా చాలు. మీకు తెలియందా?" అన్నాడు మేనేజరు.

తెలియకేం? జీవితమంతా అలాంటి ఉత్త డబ్బాలు చేసినవారే.

"రెండ్రోజులివ్వండి, డమ్మీ చేసిస్తాను."

"హీరోగారి డేటు ఇవాళొక్కటే. తీస్తారా, ఇంకొకర్ని చూసుకోమంటారా?"

"తీసేయుర్రి అంకుల్, మల్ల పెట్టుకుందాం," అని చెవిలో గొణిగాను.

"పెట్టుకోవచ్చు. కానీ దీన్ని కూడా ఆపడానికి ఒప్పుకున్నానన్నది పోదు కదమ్మా," అని, హీరోకు నమస్కారం పెట్టి గడియారం అడిగి తీసుకున్నారు.

ఆటోలో ఇంటికొచ్చాం. గేటు దగ్గరే రాజ్యం గారు నిలబడి ఉన్నారు.

"పని?"

"పోయిందే."

"గడియారం?"

"నడుస్తోంది."

"అయితే చేతులు కడుక్కోండి, అన్నం పెడతాను," అన్నారు. నేను మెట్లెక్కుతూ ఏడ్చాను. బాధతో కాదు.

తర్వాత ఆయనకు పిలుపులు రాలేదు. ఇప్పుడు ఆఫీసులో నా కింద ఒక టీము ఉంది. మేం రాసిన సాఫ్ట్‌వేర్ క్లయింట్లకు చూపించేటప్పుడు, దాన్ని నడపకుండా ముందే తీసిపెట్టుకున్న స్క్రీన్ బొమ్మలు చూపించేద్దామని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నేను ఒప్పుకోను, నడిపించే చూపిస్తాను. ఒకసారి అందరి ముందూ మధ్యలో ఆగిపోయింది. అయినా అక్కడే కోడ్ విప్పి, సరిచేసి, మళ్ళీ నడిపించాను.

"ఈ మొండితనం ఎవరు నేర్పిన్రు మీకు?" అన్నాడు మా బాసు, చిరాకు, నవ్వు కలిపి.

భాస్కరం గారి పేరు ఇంటిపేరుతో సహా చెప్పాను, అందరికీ వినబడేలా.