వీరన్ ఇచ్చిన రక్తం

పోయిన ఎండాకాలం పోదనూరులో మా కుక్క మణి అన్నం ముట్టడం మానేసింది. ఎండ దెబ్బేమో అనుకున్నాను. మర్నాడు అది లేవలేకపోయింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నంలా తెల్లగా ఉన్నాయి. వెంటనే ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను.

"పిడుదులు కుట్టి వచ్చిన జ్వరమిది. ఒంట్లో రక్తం లేదు. వేరే కుక్క రక్తం ఎక్కించాలి" అంది డాక్టరమ్మ.

ఏడుస్తూ పక్కింటి రంగసామి మామకు ఫోన్ చేశాను. ఆయన పెంచే రాజపాళయం జాతి కుక్క వీరన్ ఎవరినీ గేటు దాటనివ్వదు.

"యేడవాకు కణ్ణూ, మా వీరన్ ఇస్తాడు. ఇదో వస్తా ఉండాము" అన్నాడు మామ.

వీరన్ రక్తం మణికి పడుతుందని పరీక్షలో తేలాక వీరన్‌ను బల్లమీద పడుకోబెట్టారు. మెడలో సూది గుచ్చుతుంటే కరుస్తుందని భయపడి నేను వెనక్కి జరిగాను.

"గమ్మునుండు రా సామీ" అని మామ దాని చెవిలో అన్నాడు. అంతే! సంచీ నిండేదాకా వీరన్ కదల్లేదు.

సాయంత్రానికి మణి చిగుళ్లు ఎర్రబారాయి. తల ఎత్తి నా చెయ్యి నాకింది.

ఇప్పుడు రోజూ దాని చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు వెతుకుతాను. వీరన్ ఎదురైతే మాత్రం నాకు తెలియకుండానే చేతులు జోడిస్తాను.